వంపు ఉపరితలాలకు జామెట్రిక్ టాలరెన్స్ ఎంచుకోవడం ఎలా: డ్రాయింగ్ వేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఒక అల్యూమినియం మూత. దాని అంచు వెంట 40 మి.మీ. వెడల్పున్న పట్టీ ఉంది. అడ్డంగా కోసి చూస్తే ఆ పట్టీ కొంచెం ఉబ్బెత్తుగా, 200 మి.మీ. వ్యాసార్థంతో ఉంటుంది. పొడవునా కూడా మెల్లగా వంగి ఉంటుంది. దాని మీద రబ్బరు సీల్ కూర్చుంటుంది. నేను డ్రాయింగ్‌లో "ఆర్200 ±0.5" అని రాసి పంపాను. తనిఖీలో మూడు ముక్కలకు 196, 199, 203 వచ్చాయి. లాట్ మొత్తం తిరిగొచ్చింది. తీరా బిగించి చూస్తే మూడు మూతలూ చక్కగా కూర్చున్నాయి, సీల్ ఎక్కడా కారలేదు. తప్పు ముక్కలది కాదు, కొలిచినవాళ్లదీ కాదు. నా డ్రాయింగ్ అడగకూడనిది అడిగింది.

ఎందుకో లెక్క కట్టి చూద్దాం. 40 మి.మీ. జ్యా మీద ఆ చాపం ఎత్తు దాదాపు 1 మి.మీ. మాత్రమే. జ్యా వర్గాన్ని ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, దానికి ఎత్తులో సగం కలిపితే వ్యాసార్థం వస్తుంది. ఎత్తు 1.00 అయితే వ్యాసార్థం 200.5. ఎత్తు 1.01 అయితే 198.5. అంటే ఎత్తులో 0.01 మి.మీ. తేడా వస్తే వ్యాసార్థం 2 మి.మీ. మారిపోతుంది. నేను రాసిన ±0.5కు అర్థం, చాపం ఎత్తు ±0.0025 మి.మీ.లో ఉండాలని. రబ్బరు సీల్ కోసం అంత ఎవరికీ అక్కర్లేదు. 196 వచ్చిన ముక్కకూ 203 వచ్చిన ముక్కకూ మధ్య అసలు ఎత్తు తేడా 0.035 మి.మీ., తలవెంట్రుక మందం కన్నా తక్కువ.

అందుకే చిన్న చాపానికి, పెద్ద వ్యాసార్థానికి ప్లస్-మైనస్ రాయొద్దని గట్టిగా చెబుతాను. రంధ్రానికీ షాఫ్ట్‌కూ ఎదురెదురు బిందువులు ఉంటాయి, వాటి మధ్య సైజు ఉంటుంది. తెరిచి ఉన్న వంపుకు సైజు లేదు. దానికి ఉన్నవి ఆకారం, వాలు, చోటు, అంతే. వంపుకు టాలరెన్స్ (అనుమతించే తేడా) ఇవ్వడమంటే, ఉండాల్సిన ఉపరితలానికి అటూ ఇటూ ఒక సన్నని పొర గీసి "అసలు ఉపరితలం ఈ పొర దాటకూడదు" అని చెప్పడమే. ఆ పొర మందం ఎంత, దాన్ని ఎక్కడి నుంచి లెక్కపెట్టి నిలబెట్టాలి అన్న రెండింటికీ జవాబు దొరికేదాకా పెన్ను పట్టకండి.

1. ఆ ఉపరితలానికి ఏది తగులుతుందో చూడండి

అసెంబ్లీ డ్రాయింగ్ తెరవండి. ఈ వంపును తాకేది ఏమిటి? సీలా, రోలరా, గాలి ప్రవాహమా, మనిషి చూపా, లేక ఏదీ తాకదా? జవాబును బట్టి కావాల్సిన నియంత్రణ మారుతుంది. క్యామ్ మీద రోలర్ పరుగెడితే షాఫ్ట్ అక్షం నుంచి ప్రతి కోణానికీ లిఫ్ట్ (రోలర్‌ను పైకి లేపే ఎత్తు) సరిగ్గా ఉండాలి, అంటే చోటు ముఖ్యం. కంటికి కనిపించే ప్లాస్టిక్ కవర్ ఒక అర మిల్లీమీటరు జరిగినా పర్వాలేదు, కానీ పక్క భాగంతో సందు సమానంగా ఉండాలి, వెలుతురు పడినప్పుడు అలలు కనపడకూడదు. ఏదీ తాకని చోట వదులుగా ఇవ్వండి. అక్కడ బిగించిన ప్రతి మైక్రానుకూ ఎవరో ఒకరు డబ్బు కడతారు.

2. ఉండాల్సిన ఆకారాన్ని ఒకే చోట నిర్వచించండి

ప్రొఫైల్ టాలరెన్స్ (పైన చెప్పిన పొరే; ఆ పొరను జోన్ అంటారు) పనిచేయాలంటే అసలు ఆకారం ఏమిటో సందేహం ఉండకూడదు. రెండు దారులున్నాయి. వ్యాసార్థాలు, కేంద్రాలు, కోణాలు అన్నీ పెట్టెలో రాసిన కచ్చితమైన కొలతలుగా ఇవ్వవచ్చు. లేదా క్యాడ్ మోడలే ఆధారమని నోట్ రాసి, దాని ఫైలు పేరు, రివిజన్ సంఖ్య చెప్పవచ్చు. రెండో దారిలో రివిజన్ సంఖ్య మర్చిపోతే, డ్రాయింగ్ ఒకటి, మెషిన్‌లో నడిచిన మోడల్ మరొకటి అవుతాయి. మోడల్ ఆధారిత నిర్వచనానికి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 16792, ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) వై14.41 ప్రమాణాలున్నాయి.

పెట్టెలో పెట్టిన కొలతకు ప్లస్-మైనస్ ఉండదు. అదే వంపుకు ప్రొఫైల్ ఫ్రేమ్ (గుర్తు, విలువ రాసే గడుల వరస) కూడా పెట్టి, పక్కన ±0.5 కూడా వదిలేసిన డ్రాయింగులు ఎన్నో చూశాను. రెండు ఆజ్ఞలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటే షాపులో తమకు తేలికైనదాన్నే పాటిస్తారు.

బిందువుల పట్టిక ఇచ్చి ప్రతి బిందువు ఎత్తుకూ ±0.1 రాయడం ఇంకో పాత అలవాటు. చదునుగా ఉన్న చోట అది నిజంగానే ±0.1. కానీ ఉపరితలం 60 డిగ్రీలు వాలిన చోట, లంబంగా కొలిస్తే అది ±0.05కి కుదించుకుపోతుంది. మీరు అనుకోకుండానే వాలు ఎక్కువైన చోట టాలరెన్స్ సగం చేసేశారు. ప్రొఫైల్ జోన్ ఎప్పుడూ ఉపరితలానికి లంబంగానే కొలుస్తారు కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు.

3. సరైన గుర్తు ఎంచుకోండి

ఉపరితలం పూర్తి సిలిండర్ అయితే వ్యాసానికి సైజు టాలరెన్స్ ఇవ్వండి, అవసరమైతే సిలిండ్రిసిటీ (ఉపరితలం ఎంత సరైన సిలిండరో చెప్పే హద్దు) కలపండి. సిలిండ్రిసిటీ విలువ వ్యాసార్థం మీద లెక్క, వ్యాసం మీద కాదు. మైక్రోమీటర్‌తో రెండు బిందువుల మధ్య కొలిస్తే మూడు మూలల గుండ్రదనం బయటపడదు. వ్యాసం అంతటా ఒకేలా చూపిస్తూనే బేరింగ్ సీటు గుండ్రంగా లేకపోవచ్చు. ఆ సీటు ఇంకో అక్షంతో కలిసి తిరగాలంటే రనౌట్ (తిప్పినప్పుడు ఉపరితలం ఎంత ఊగవచ్చో చెప్పే హద్దు) ఇవ్వండి. ఏఎస్ఎంఈ వై14.5 ప్రమాణం 2018 కూర్పులో కాన్సెంట్రిసిటీ (ఏకకేంద్రత), సిమెట్రీ (సౌష్ఠవం) గుర్తులను తీసేశారు. పాత డ్రాయింగులను కాపీ కొట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కోన్ అయినా, గోళం అయినా, అక్షం చుట్టూ తిరిగిన మరే ఆకారం అయినా, ఆ అక్షాన్ని డేటమ్‌గా (కొలతలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చెప్పే ఆధారంగా) తీసుకుని ఉపరితల ప్రొఫైల్ ఇస్తే చాలావరకు సరిపోతుంది. స్వేచ్ఛగా వంగిన ఉపరితలాలకు మొదటి ఎంపిక ఉపరితల ప్రొఫైలే. ఫ్లాట్‌నెస్ (చదునుదనం) గుర్తు వంపు మీద పెట్టకూడదు. దానికి ఎంత చిన్న విలువ రాసినా అర్థం లేదు.

రేఖా ప్రొఫైల్ ఎప్పుడు? అది ఒక్కో కోతను విడిగా చూస్తుంది, కోతకూ కోతకూ సంబంధం అడగదు. కాబట్టి ఒంటరిగా అది చాలా అరుదుగా సరిపోతుంది. వెడల్పైన ఉపరితల ప్రొఫైల్ లోపల, ఒక దిశలో అలలను అదుపు చేయడానికి మాత్రం చాలా బాగా పనికొస్తుంది. అది ఏ దిశలో కోతో తప్పక చెప్పండి. ఐఎస్ఓ 1101లో ఇందుకు ఇంటర్‌సెక్షన్ ప్లేన్ (కోత తలం) సూచిక ఉంది.

మూలల్లో ఉండే చిన్న రౌండులు మరో సంగతి. పదును పోగొట్టడానికి ఇచ్చే రౌండుకు మామూలు ఆర్ కొలత సరిపోతుంది. ఒత్తిడి పడే మూలలో గీతలూ గంట్లూ పగుళ్లకు దారితీస్తాయి. ఏఎస్ఎంఈ పద్ధతిలో అక్కడ సీఆర్ (కంట్రోల్డ్ రేడియస్) అని రాస్తే వంపు నునుపుగా, ఎక్కడా వెనక్కి తిరగకుండా ఉండాలని అర్థం.

4. డేటమ్‌లు: ఇక్కడే ఎక్కువ సమయం గడపండి

డేటమ్ లేకుండా ప్రొఫైల్ ఇస్తే ఆకారాన్ని మాత్రమే పట్టుకుంటుంది. జోన్ అంతా ఒక ముక్కగా ఎటైనా జరగవచ్చు, ఎలాగైనా వాలవచ్చు. ఆకారంలో వ్యాసార్థం కూడా కలిసే ఉంటుంది, కాబట్టి అది గాలికి పోదు. డేటమ్‌లు చేర్చుతూ పోతే ముందు వాలు, తర్వాత చోటు బిగుస్తాయి.

డేటమ్‌లుగా ఏవి తీసుకోవాలి? అసెంబ్లీలో ఈ భాగం దేని మీద కూర్చుంటుందో, దేనితో సరిచూసుకుంటుందో అవే. నా మూత విషయంలో బోల్టుల దగ్గరి చదునైన ముఖాలు బాడీకి ఆనుతాయి. సీల్ ఎంత నొక్కుకుపోతుందో తేల్చేది అవే, కాబట్టి అవి డేటమ్ ఏ. ఒక పిన్ను రంధ్రం డేటమ్ బీ, దూరంగా ఉన్న స్లాట్ డేటమ్ సీ. మెషిన్‌లో పట్టుకోవడానికి వీలైన ముఖమని డేటమ్ ఇవ్వడం మొదలుపెడితే, టాలరెన్స్ మొత్తం తప్పు చోటు నుంచి లెక్కపడుతుంది.

చదునైన ముఖమే లేని భాగాల్లో వంపునే డేటమ్‌గా తీసుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఉపరితలం మొత్తాన్ని కాకుండా డేటమ్ టార్గెట్లను, అంటే ఫిక్స్చర్ (కొలిచేటప్పుడు భాగాన్ని పట్టి ఉంచే అమరిక) తాకే బిందువులను ఎంచుకోండి. మొదటి డేటమ్‌కు మూడు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి. వాటిని వీలైనంత దూరంగా పరచండి. 300 మి.మీ. పొడవున్న భాగానికి టార్గెట్లు 50 మి.మీ. దూరంలోనే ఉంటే, అక్కడ 0.02 తేడా అవతలి చివర 0.12 అయి కూర్చుంటుంది. అది ఫిక్స్చర్ తప్పు కాదు, డ్రాయింగ్ తప్పు.

డేటమ్ ఫీచర్ రంధ్రం లాంటిదైతే దానికి మాగ్జిమం మెటీరియల్ గుర్తు (మెటీరియల్ అత్యధికంగా మిగిలి ఉండే సైజును ఆధారం చేసుకునేది) పెట్టడం కుదురుతుంది. ప్రొఫైల్ విలువకు మాత్రం ఆ గుర్తు పెట్టకూడదు, ఉపరితలానికి సైజు లేదు కదా.

5. విలువ ఎంత? ఖాళీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

పాత డ్రాయింగ్‌లో 0.2 ఉంది కాబట్టి 0.2 అనడం లెక్క కాదు. మూతనే తీసుకుందాం. సీల్ కనీసం 0.8, గరిష్ఠంగా 1.4 మి.మీ. నొక్కుకోవాలి. అంటే 1.1 చుట్టూ ±0.3. రబ్బరు తీగ మందమే ±0.1 మారుతుంది, మిగిలింది ±0.2. రంధ్రాల సందు వల్ల మూత పక్కకు 0.3 జరగవచ్చు. పట్టీ మధ్యలో దానివల్ల ఏమీ కాదు. అంచు దగ్గర మధ్య నుంచి 20 మి.మీ. దూరంలో వాలు పదింట ఒకటి, కాబట్టి అక్కడ 0.03 పోతుంది. మిగిలింది ±0.17. దాన్ని మూత పట్టీకీ బాడీ పట్టీకీ సగం సగం పంచితే ఒక్కోదానికి ±0.085.

ప్రొఫైల్ ఫ్రేమ్‌లో రాసేది జోన్ మొత్తం మందం, కాబట్టి 0.17. నేను 0.16 రాస్తాను. ±0.085 అవసరమని ఫ్రేమ్‌లో 0.085 రాసేవాళ్లు అనుకోకుండా టాలరెన్స్ సగానికి కోసేస్తున్నారు. తయారీ ఖర్చు ఊరికే పెంచే పొరపాట్లలో నాకు తరచూ కనిపించేది ఇదే.

ఇది ఘోరమైన పరిస్థితులన్నీ ఒకేసారి కలిసొస్తే అన్న లెక్క. భాగాలు ఎక్కువై, తయారీ స్థిరంగా ఉంటే వర్గాల మొత్తానికి వర్గమూలం తీసే పద్ధతిలో కొంచెం వదులు దొరుకుతుంది. సీల్ కారితే ప్రమాదం ఉన్న చోట నేను ఆ వదులు తీసుకోను.

తర్వాత ఆ విలువను తయారీతో సరిచూడండి. మిల్లింగ్‌లో 0.16 తేలికే. పోత పోసిన ఉపరితలాన్ని అలాగే వదిలేస్తే కష్టం. బాల్ కట్టర్ వదిలే గట్లను కూడా లెక్కలోకి తీసుకోండి: 10 మి.మీ. వ్యాసం కట్టర్‌తో 0.5 మి.మీ. పక్కకు జరుపుతూ కోస్తే గట్టు ఎత్తు 0.006. జరుపుడు 1 మి.మీ. చేస్తే 0.025. అంటే సగం సమయంలో పని అవుతుంది, కానీ గట్టు నాలుగింతలు అవుతుంది. చివరగా కొలత. కొలత అనిశ్చితి టాలరెన్స్‌లో పదో వంతు ఉంటే మంచిది, నాలుగో వంతు దాటకూడదు. 0.16కి అది 0.016 నుంచి 0.04 మధ్య. చేతి స్కానర్‌తో అది వస్తుందా లేదా అని కొలిచేవాళ్లను ఇప్పుడే అడగండి.

6. జోన్ ఎటు వైపు?

ఏమీ చెప్పకపోతే జోన్ అసలు ఆకారానికి రెండు వైపులా సమానంగా పడుతుంది. ఒక వైపే కావాలంటే గుర్తు మారుతుంది, ఇక్కడ రెండు ప్రమాణాలు వేర్వేరు భాషలు మాట్లాడతాయి. ఏఎస్ఎంఈలో విలువ తర్వాత వృత్తంలో యు పెట్టి, దాని పక్కన మెటీరియల్ బయటికి ఎంత వెళ్లవచ్చో రాస్తారు. 0.6, యు, 0.6 అంటే అంతా బయటికే. 0.6, యు, 0 అంటే అంతా లోపలికే. ఐఎస్ఓలో యూజెడ్ అని రాసి జోన్ మధ్య రేఖ ఎంత జరిగిందో చెబుతారు. అదే "అంతా బయటికే" అన్న మాట అక్కడ 0.6 యూజెడ్ +0.3 అవుతుంది. ఒక ప్రమాణం అలవాటైనవారు ఇంకోదాన్ని చదివితే 0.3 తేడా పడి ముక్క పాడవుతుంది. టైటిల్ బ్లాక్‌లో ఏ ప్రమాణం అనుసరిస్తున్నారో, దాని సంవత్సరంతో సహా రాయడం అందుకే తప్పనిసరి.

జోన్ ఎంత మేర వర్తిస్తుందో చెప్పడం చిన్న పనే: రెండు అక్షరాల మధ్య బాణం గుర్తు, చుట్టూ అయితే ఒక వృత్తం, భాగం మొత్తానికైతే రెండు వృత్తాలు.

7. ఒక్క జోన్ చాలదనిపిస్తే పొరలు పెట్టండి

0.16 జోన్ లోపల ఉపరితలం 2 మి.మీ. దూరంలోనే 0.16 ఎత్తు మెట్టు ఎక్కినా నియమం ప్రకారం ఒప్పే. సీల్ మాత్రం అక్కడ కారుతుంది. అందుకని చోటుకు ఒక విలువ, స్థానిక ఆకారానికి ఇంకో చిన్న విలువ ఇవ్వాలి. మూత పట్టీకి ఏ, బీ, సీలతో ఉపరితల ప్రొఫైల్ 0.16, దాని కింద సీల్ పరుగు దిశలో డేటమ్ లేని రేఖా ప్రొఫైల్ 0.05. తయారీదారుకు చోటు విషయంలో ఊపిరి దొరుకుతుంది, సీల్‌కు కావాల్సిన నునుపూ దొరుకుతుంది. మొత్తాన్నీ 0.05కి బిగించి ఉంటే ఎవరూ ఆనందించేవారు కాదు.

ఆకారం మాత్రమే ముఖ్యం, సైజును వేరేగా చూసుకుంటాం అన్న సందర్భాలకు ఏఎస్ఎంఈ 2018లో డైనమిక్ ప్రొఫైల్ గుర్తు, ఐఎస్ఓలో ఓజెడ్ ఉన్నాయి. వాటి అవసరం నిజంగా ఉన్నప్పుడే వాడండి. మీ తయారీదారు వాటిని ఎప్పుడైనా చదివారో లేదో ముందు కనుక్కోండి.

గరుకుదనం వేరే గుర్తు. ప్రొఫైల్ విలువ ఎంత తగ్గించినా గరుకుదనం దానంతటది సర్దుకోదు.

పలుచని రేకు, ప్లాస్టిక్ భాగాలు చేతిలో ఒకలా, బిగించాక ఒకలా ఉంటాయి. ఎక్కడ బిగించి, ఎంత బలంతో పట్టుకుని కొలవాలో నోట్‌లో రాయండి. ఐఎస్ఓ 10579-ఎన్ఆర్ ఇందుకే ఉంది. వదిలేసిన స్థితిలో కొలవాల్సిన వాటికి వృత్తంలో ఎఫ్ గుర్తు పెట్టండి.

ఇక మిగిలిన, ఎవరూ పట్టించుకోని ఉపరితలాలన్నిటికీ ఒక సాధారణ ప్రొఫైల్ టాలరెన్స్ చాలు. ఐఎస్ఓ 2768లోని రెండో భాగం స్థానంలో 2021లో వచ్చిన ఐఎస్ఓ 22081 ఈ పద్ధతినే అనుసరిస్తుంది. దానికి డేటమ్ వ్యవస్థ ఇవ్వడం మరువకండి.

8. కొలిచేవారితో కూర్చోండి

డ్రాయింగ్ విడుదల చేసే ముందు ఈ పని చేయండి. స్కాన్ చేసిన బిందువులను సాఫ్ట్‌వేర్‌లో "బెస్ట్ ఫిట్" నొక్కి మోడల్ మీద పరిస్తే రంగుల పటం అందంగా పచ్చగా వస్తుంది. కానీ మీ ఫ్రేమ్‌లో ఏ, బీ, సీ ఉంటే ఆ పటం మీ ప్రశ్నకు జవాబు కాదు. భాగాన్ని డేటమ్‌ల మీద నిలబెట్టే చూడాలి. డేటమ్ లేని ఫ్రేమ్‌కు మాత్రమే బెస్ట్ ఫిట్ సరైనది.

సీఎంఎంలో (బిందువులను తాకి కొలిచే యంత్రంలో) 2 మి.మీ. వ్యాసం గోళపు మొనతో 30 డిగ్రీల వాలును నిలువుగా తాకి, దాని వ్యాసార్థాన్ని కూడా నిలువుగానే తీసేస్తే 0.134 మి.మీ. తప్పు వస్తుంది. మన జోన్ మొత్తం 0.16. కాబట్టి ఉపరితలానికి లంబ దిశలో సవరణ జరిగిందా అని అడగండి.

రిపోర్టును ఎలా చదవాలో కూడా ఒప్పందం చేసుకోండి. విచలనాలు +0.02 నుంచి −0.10 వరకు ఉన్నాయనుకుందాం. రెండింటి మధ్య దూరం 0.12, అది 0.16 కన్నా తక్కువ, కాబట్టి పాస్ అనిపిస్తుంది. కానీ లోపలి వైపు హద్దు −0.08, ముక్క దాన్ని దాటింది. ప్రొఫైల్ విలువగా చెప్పాల్సింది పెద్ద విచలనానికి రెట్టింపు, అంటే 0.20. అది ఫెయిల్.

నా మూత డ్రాయింగ్‌లో ఆర్200 ఇప్పుడు పెట్టెలో ఉంది, పక్కన ప్లస్-మైనస్ లేదు. వెనక్కొచ్చిన మూడు ముక్కలను ఏ, బీ, సీల మీద నిలబెట్టి మళ్లీ కొలిపించాను. 196 వచ్చిన ముక్కలో ఆ వ్యాసార్థం తేడా వల్ల వచ్చిన విచలనం సుమారు 0.02 మి.మీ. ఉంది. మూడూ హద్దుల లోపలే ఉన్నాయి.